సమాధుల పండగకు సర్కారు సెలవు

కన్నకొడుకు సమాధి మీది పేరును కృపావరమే తన చేత్తో తుడిపేశాడని ఎర్రదిన్నె మిషన్ వీధిలో అందరూ చెప్పుకున్నారు. దాని కింద తన పేరు కూడా ఉందని నాయకుడు గురివిరెడ్డి తుడపమన్నాడట, ఈయన తుడిపాడట. ఒక్క పేరే పోతే అనుమానం వస్తుందని తోటలో ఉన్న నలభై సమాధుల పేర్లూ కలిపి సున్నంతో పూడ్చేశాడట. చూసిన మనిషి లేకపోతే ఇంత మాట పుట్టేది కాదు. చూసింది రత్నమణి. పండగనాటి సాయంత్రం మరిచిపోయిన సున్నం కుండ కోసం సమాధుల తోటకు వెళ్తే, కృపావరం కొడుకు సమాధి మీద వంగి గోళ్లతో గీకుతూ కనిపించాడట. మోచేతుల దాకా సున్నమేనట.

"నేను పిలిస్తే తల కూడా ఎత్తలేదక్కా. దొంగ మాదిరి గీకుతానే ఉండాడు," అని ఆమె కొళాయి దగ్గర చెప్పింది.

"ఊరికే తుడుపుతాడా? ఏమిచ్చినాడంట రెడ్డి?"

"ప్రొద్దుటూరులో ఇంటి స్థలమంట."

"స్థలం కాదు, కోడలికి ఆసుపత్రిలో ఆయా ఉద్యోగమంట."

"ఆదివారం గుడికి గూడా రాలేదు సూడు. అందరం ఆరాధనలో ఉంటే పని కానిచ్చుకున్నాడు."

కొళాయి దగ్గర నిండిన బిందె ఇంటికి చేరేలోగా స్థలానికి ఇల్లు కూడా లేచింది.

కృపావరం చాపాడు దారిలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో అటెండరు. ఇరవై ఆరేళ్లుగా అదే గంట, అదే సుత్తి. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివాడు, అంతకు మించి చదివించే స్తోమత తండ్రికి లేదు. కానీ చేతిరాత మాత్రం అచ్చువేసినట్టు ఉంటుంది. బడిలో తరగతి గదుల మీది బోర్డులు ఆయన రాసినవే. వీధిలో ఎవరు చనిపోయినా సమాధి మీద పేరు ఆయనే రాయాలి. దీపపు మసిలో తుమ్మబంక కలిపి, సన్న కుంచెతో, కొలత తాడు లేకుండానే వరుస వంకర పోకుండా రాస్తాడు. చెక్కించిన రాళ్లు పెట్టుకునేంత ఉన్నవాళ్లు ఆ వీధిలో లేరు. అందుకే ఏటా నవంబరు రెండున సమాధుల పండగ వస్తుంది కదా, ఆరోజు సున్నం కొట్టి పేరు మళ్లీ రాయాలి. దానికొక పద్ధతి ఉంది. సున్నం పూసే ముందు ఇంటి పెద్ద పాత పేరును బిగ్గరగా చదవాలి. చుట్టూ నిలబడినవాళ్లు వినాలి. అప్పుడే కుంచె ముంచాలి. సున్నం ఆరినాక విన్న పేరును విన్నట్టే రాస్తారు. చదవకుండా సున్నం వేయడమంటే ఆ మనిషిని రెండోసారి పూడ్చినట్టేనని ముసలివాళ్లు అంటారు.

కృపావరం చదవాల్సిన పేరు సామ్యూలు. ఒక్కగానొక్క కొడుకు. గురివిరెడ్డికి జీపు నడిపేవాడు. గురివిరెడ్డి అంటే ఆ చుట్టుపక్కల ఏడూళ్ల వర్గానికి నాయకుడు. ప్రొద్దుటూరులో మేడ, ఊళ్లో చీనీ బత్తాయి తోట, వెనక పది మంది మనుషులు, ఎప్పుడూ రెండు జీపులు. మూడేళ్ల కింద పులివెందుల కోర్టుకు వాయిదాకు పోయి వస్తుంటే దారిలో ముందు జీపు మీద బాంబులు పడ్డాయి. గురివిరెడ్డి ఏనాడూ వెనక జీపు ఎక్కిన మనిషి కాదు. ముందు జీపు లేపిన దుమ్మంతా వెనక జీపులో వాళ్ల నోట్లోకే పోతుంది. ఆరోజు మాత్రం ఎందుకో దుమ్ము తినడానికి ఇష్టపడ్డాడు. ముందు జీపు నడుపుతున్న సామ్యూలు పోయాడు. గురివిరెడ్డి చొక్కా మీద మరక కూడా పడలేదు.

సమాధి చేసేటప్పుడు ఒక సిగరెట్టు కాలేంత సేపు వచ్చి నిలబడ్డాడు. "నల్లరాయితో కట్టిస్తా, కృపావరం. నా బిడ్డ మాదిరి సూసుకున్నా వాన్ని," అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. రెండోసారి అన్నప్పుడు జీపు స్టార్టయి ఉంది. రాయి రాలేదు. కృపావరం మట్టి, సిమెంటు తనే కలిపి కట్టుకున్నాడు. తలవైపు, పగిలిన జీపు దీపపు గాజు ముక్క ఒకటి పచ్చి సిమెంటులో అదిమాడు. కింద ఇట్లా రాశాడు: "సామ్యూలు. వయస్సు 24. గురివిరెడ్డి గారి జీపు నడుపుతూ మరణించెను." ఆ 'గారి' పెట్టాలా వద్దా అని రాసేటప్పుడు ఎవరూ అడగలేదు. ఆయనే పెట్టాడు. రాయి ఇవ్వనివాడికి కూడా మర్యాద ఇచ్చే మనిషి ఆయన.

పండగకు ఆ ఒక్క రోజు సెలవు దొరకడమే కృపావరానికి కష్టం. ప్రతి జనవరిలో సర్కారు సెలవుల జాబితా వస్తుంది. మైదా జిగురు పూసి దాన్ని హెడ్‌మాస్టరు గది తలుపు పక్కన అంటించేది కృపావరమే. ఉగాది ఉంది, రంజాన్ ఉంది, బక్రీద్ ఉంది, గుడ్ ఫ్రైడే ఉంది. కింద సన్న అక్షరాలతో ఐచ్ఛిక సెలవులు, ఎవరికి కావలసినవి వాళ్లు ఏరుకోవచ్చు, ఏ మతమని అడగరు. డ్రిల్లు మాస్టరు షబే బరాత్ నాడు సెలవు పెట్టి చేలో ఉల్లిగడ్డ పీకించుకునేవాడు. లెక్కల మాస్టరు ఏ దేవుడి రోజునైనా కాదనేవాడు కాదు, చీట్ల పేకకు నలుగురు దొరికితే చాలు. దేవుళ్లందరూ ఆ బడి పంతుళ్ల సుఖం కోసమే పుట్టినట్టుండేది. కానీ పై జాబితాలోనూ, కింది జాబితాలోనూ సమాధుల పండగ లేదు.

హెడ్‌మాస్టరు ఆదినారాయణ ప్రతి ఏడూ ఒకటే మాట అనేవాడు.

"లిస్టులో లేదప్పా. నేనేం జేసేది? క్రిస్మస్‌కు ఇస్తాండామా లేదా? గుడ్ ఫ్రైడేకి ఇస్తాండామా లేదా? ఇంకా ఏంది మీకు?"

"ఒక్క పూట సార్. పేరు రాసి వచ్చేస్తా."

"పేరే కదా, ఆదివారం రాసుకో. సచ్చినోడు యాడికి పోతాడు?"

కొడుకు పోయిన మొదటి ఏడు కృపావరం చెప్పకుండా పోయి, మెమో తిన్నాడు. రెండో ఏడు బడి విడిచినాక పోయి, లాంతరు పట్టుకుని రాశాడు. మూడో ఏడు నవంబరు రెండు ఆదివారం పడింది కాబట్టి ఎవరి దయా అవసరం లేకపోయింది. ఆ ఏడు కోడలు అరుణకుమారి, మనవరాలు పక్కన నిలబడి ఉండగా పేరు చదివాడు. గొంతు బాగా పలికింది. నాలుగో ఏడు సోమవారం.

ఆ నాలుగో ఏడే ప్రభువులకు భక్తి ముదిరింది. ఎన్నికలు ఏడాదిలోపే ఉన్నాయి. ఎదుటి వర్గం నాయకుడు వేసవిలో దర్గా ఉరుసుకు మండలమంతా సెలవు తెప్పించాడు. తెప్పించి, తలకు రుమాలు కట్టుకుని, గంధం పళ్లెం ముందు నిలబడి ఫొటో దిగాడు. ఆ ఫొటో చూసినప్పటి నుంచి గురివిరెడ్డికి నిద్ర పట్టలేదు. తన ఏడూళ్లలో ఉరుసు జరిగే దర్గా లేదు. మిగిలింది మిషన్ వీధి. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో చెప్పులతోనే గుడిలోకి వచ్చి, పాస్టరు అయ్యగారి పక్కన నిలబడ్డాడు.

"వాళ్లు ఉరుసుకు తెస్తే నేను మీ సమాధుల పండక్కి తేలేనా? మీ పెద్దలంటే నాకు గౌరవం లేదా? తెస్తా. ఈ ఏడే తెస్తా."

ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. అదే మనిషి వర్గ కక్షల పేరిట సమాధుల తోటలో సగం సమాధులు నింపాడన్న సంగతి ఆ పూటకు ఎవరికీ గుర్తు రాలేదు. కృపావరానికి గుర్తుంది. అయినా వెనక వరుసలో లేచి నిలబడ్డాడు. ఆయనకు గురివిరెడ్డితో పని లేదు, ఆ ఒక్క రోజుతో పని. అర్జీ ఆయనే రాశాడు. అంత చక్కటి అక్షరాలతో అర్జీ ఆ ఆఫీసుకు అంతకుముందెన్నడూ వచ్చి ఉండదు.

అర్జీ పట్టుకుని జమ్మలమడుగు ఆర్డీవో ఆఫీసుకు మూడు జీపుల్లో పోయారు. గుమాస్తా అర్జీ చదివి, కళ్లజోడు పైకి నెట్టి అడిగాడు.

"సమాధుల పండగా? అదేం పండగ? దేవుడెవరు దీనికి?"

గురివిరెడ్డి కృపావరం వైపు చూశాడు. కృపావరం, "దేవుడి పండగ కాదు సార్. సచ్చిపోయినోళ్లది," అన్నాడు.

"తేదీ?"

గురివిరెడ్డి మళ్లీ కృపావరం వైపే చూశాడు. "ఎప్పుడప్పా మీ పండగ?"

"నవంబరు రెండు, రెడ్డీ."

"రెండా? మూడుకు జరపగూడదా? రెండు రాత్రి నాకు టౌన్లో పెండ్లి ఉంది. ప్రసంగం చేసేది ఎప్పుడు, పెండ్లికి పొయ్యేది ఎప్పుడు?"

"జరగదు రెడ్డీ. నూరేండ్ల నుంచి రెండే."

"సచ్చినోళ్లు ఒక్క దినం ఆగలేరా," అని గురివిరెడ్డి నవ్వాడు. గుమాస్తా నవ్వాడు. జీపులోళ్లు నవ్వారు. గుమాస్తా కాగితం మీద ఏదో గీకి, "పండగ పగలే కదన్నా, పెండ్లి రాత్రికి. రెండూ అయిపోతాయి," అని దారి చూపించాడు. తన తెలివికి తనే మురిసిపోయి టీ తెప్పించాడు.

వెనక్కి వచ్చినాక కృపావరం బడి ఎదుట నూరుల్లా హోటల్లో కూర్చున్నాడు. నూరుల్లా టీ పోస్తూ అన్నాడు:

"సెలవొస్తాందంట కదా మామా. సంతోషపడొద్దు. ఉరుసు ఇన్నాళ్లూ మాదే. సెలవిచ్చినాక వాళ్లదైపాయ. ఆ దినం మా నాయన దర్గాకు చాదరు పట్టుకపోతే, 'అన్న వచ్చేదాకా ఆడనే నిలబడు ముసలోడా' అన్నారు. మూడు గంటలు నిలబడినాడు ఎండలో."

"మాది అట్ల కాదులే. సమాధుల తోటలో వాళ్లకేం పని?"

"సూస్తా ఉండు," అన్నాడు నూరుల్లా.

ఉత్తర్వు అక్టోబరు ముప్పై ఒకటిన వచ్చింది. మండలంలోని బడులకూ ఆఫీసులకూ స్థానిక సెలవు. హెడ్‌మాస్టరు దాన్ని పిల్లలకు చదివి వినిపించాడు. కృపావరం ఆరోజు చివరి గంట ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ కొట్టనంత సేపు కొట్టాడు. సుత్తి గోడకు తగిలించి గదిలోకి పోతే ఆదినారాయణ తాళాల గుత్తి ముందుకు తోశాడు.

"రేపు పొద్దున ఏడుకు వచ్చేయప్పా. బెంచీలన్నీ బయటికి మొయ్యాల. ఎల్లుండి తోటలో మీటింగు, మన బడిలో భోజనాలు. మూడొందల మంది."

"రేపు ఆదివారం సార్. ఎల్లుండి సెలవు."

"సెలవే. పిల్లోళ్లకు సెలవు, మాకు సెలవు. గేటు తాళం నీ దగ్గర కదా ఉండేది. నీ పండక్కే కదా ఆయన ఇంత జేస్తాండేది? ఆయన మన బడి గేటు ముందర నిలబడితే తీసేది ఎవరు, నేనా?"

"సార్, నా కొడుకు పేరు..."

"నీ కొడుకు కోసమే కదప్పా ఇదంతా," అన్నాడు ఆదినారాయణ. అన్న మాట తనకే బాగా నచ్చినట్టుంది, మళ్లీ ఒకసారి అన్నాడు. "సంతకం మాత్రం పెట్టు. రేపొకనాడు ఆడిట్ వాళ్లొచ్చి గేటు ఎవరు తీసినారంటే నేను చెప్పలేను."

ఆదివారం వీధి వీధంతా గుడిలో ఉండగా గురివిరెడ్డి పంపిన పది మంది కూలీలు సమాధుల తోటకు వచ్చారు. చీనీ తోటలకు పురుగుమందు కొట్టే పంపులు భుజాన వేసుకుని వచ్చారు. పంపుల్లో సున్నం నీళ్లు పోసి, చెట్లకు కొట్టినట్టే ఒక చివర నుంచి మొదలుపెట్టి మరో చివరకు పోయారు. గోడ, గేటు, సమాధి, శిలువ, అన్నిటికీ ఒకటే వరుస. ఫొటోలో తెల్లగా మెరవాలని మాత్రమే వాళ్లకు చెప్పారు. ఆ పేర్లు మసితో రాసినవని, తడిస్తే కరిగిపోతాయని, చదవకుండా సున్నం వేయరాదని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. రెండు గంటల్లో పని ముగించి, మిగిలిన సున్నం కంపల మీద పారబోసి పోయారు. కావాలని పేర్లు తుడిపించాడనుకోవడం గురివిరెడ్డిని గొప్ప చేయడమే. ఆ సమాధుల మీద పేర్లున్నాయన్న సంగతే ఆయనకు తెలియదు. పగబట్టి చేసేంత శ్రద్ధ ఆయన మిషన్ వీధి మీద ఏనాడూ పెట్టలేదు.

సోమవారం పొద్దున కృపావరం బడి మైదానంలో జీపులు నిలపడానికి సున్నపు పొడితో గీతలు గీశాడు. విస్తరాకులు కడిగాడు. తోటలోని మైకు బడికి వినిపిస్తూనే ఉంది. పాట వినిపించింది, ప్రార్థన వినిపించింది, తర్వాత గురివిరెడ్డి గొంతు. "నా డ్రైవరు సామ్యూలు కూడా ఈ తోటలోనే పండుకోని ఉండాడు. వాని కోసమే తెచ్చినా ఈ సెలవు." చప్పట్లు. కృపావరం గీత మధ్యలో ఆగి, పొడి డబ్బా కింద పెట్టి, మళ్లీ ఎత్తుకున్నాడు.

మధ్యాహ్నం గురివిరెడ్డి గేటు ముందు దిగాడు.

"సామ్యూలు నాయన కదా నువ్వు? యాడా, తోటలో కనపడలేదే? పండగ పూట ఇంట్లో పడుకున్నావా?"

"డ్యూటీ, రెడ్డీ. గేటు..."

"సర్లే సర్లే. మజ్జిగ సల్లగా ఉందో లేదో సూడు పో."

కృపావరం మజ్జిగ చూడటానికి పోయాడు. చివరి జీపు కదిలి, ఎంగిలాకులు ఎత్తి, బెంచీలు లోపల పెట్టి, తాళం వేసేసరికి ఐదున్నర. సంచిలో మసి డబ్బా, కుంచె పొద్దుటి నుంచీ ఉన్నాయి. తోటకు నడిచాడు.

తోట ఖాళీగా ఉంది. పొద్దున జరిగిన గొడవ గుర్తుగా సున్నం కుండలు అక్కడక్కడా పడి ఉన్నాయి. ఆడవాళ్లు పేర్లు కనపడక ఏడ్చి, ఎవరిది ఏదో తెలియక కొట్లాడుకుని వెళ్లిపోయారు. ఎదుట నలభై తెల్లటి దిబ్బలు, అన్నీ ఒకటే. కృపావరం చదవడానికి నోరు తెరిచాడు, చదవడానికి ఏమీ లేదు. మూడో వరుసలో కొడుకు ఉండాలి. నాలుగోదో ఐదోదో తేల్చుకోలేకపోయాడు. ఒకదాని తలవైపు మోకాళ్ల మీద కూర్చుని, పెచ్చులు కట్టిన సున్నాన్ని గోళ్లతో గీకాడు. అక్కడ లేదు. పక్కదాని దగ్గరికి పోయి మళ్లీ గీకాడు. వేళ్ల కింద జీపు దీపపు గాజు ముక్క తగిలింది. అప్పుడే రత్నమణి గేటు దగ్గర నుంచి పిలిచింది. ఆ పిలుపు ఆయనకు వినిపించలేదు. మందంగా కొట్టిన సున్నం పైన పెచ్చు కట్టినా లోపల ఇంకా పచ్చిగానే ఉంది, మసి నిలవదు. పేరు రాయకుండానే ఇంటికి పోయాడు.

తెల్లారేసరికి కథ తయారైంది. గురివిరెడ్డి మనుషులు, "మేం గోడలకే కొట్టినాం, సమాధుల జోలికి పోలేదు," అన్నారు. వీధి నమ్మింది. బాంబులేసేవాడిని అనుమానించడం కంటే గంట కొట్టేవాడిని అనుమానించడం సులువు, ఎదురుతిరగడు. పేర్లు రాస్తానని కృపావరం వెళితే తలుపులు మూశారు. ప్రొద్దుటూరు నుంచి బోర్డులు రాసే పెయింటరును పిలిపించుకున్నారు. వాడు బట్టల షాపు బోర్డులాగా నీడలు పెట్టి, మూడు రంగుల్లో రాశాడు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల సమాధి అదేనని రాశాడు. రత్నమణి తల్లి పేరు ఇప్పుడు రెండు సమాధుల మీద ఉంది.

అరుణకుమారి ఒక రాత్రి అన్నం పెడుతూ అడిగింది.

"నువ్వెందుకు చెప్పవు మామా? బడిలో ఉన్నానని ఒక్క మాట చెప్పరాదా?"

"ఏమని చెప్పల్ల? కొడుకు పేరు చదవల్సిన పూట ఆ రెడ్డికి మజ్జిగ పోస్తాంటినని చెప్పల్లా?" అన్నాడు కృపావరం. తుడిపేశాడన్న మాట ఆయన మోయగలిగాడు. ఆ రెండో మాట వీధిలో పడితే మోయలేడు.

తర్వాతి ఆదివారం ఒంటరిగా పోయి రాశాడు. "సామ్యూలు. వయస్సు 24. గురివిరెడ్డి జీపు నడుపుతూ మరణించెను." రెడ్డి పేరు మళ్లీ సమాధికెక్కడం చూసి కూడా వీధి వెనక్కి తగ్గలేదు. "దొరికిపోయినాక రాయక ఏం జేస్తాడు," అన్నారు. 'గారి' లేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. మరుసటి ఏడు ఎన్నికలు అయిపోయాయి, సెలవూ పోయింది.

ఆ ఏటి హాజరు పట్టీ బడి బీరువాలో ఇప్పటికీ ఉంది. ఎవరూ తెరిచి చూడలేదు. నవంబరు ఒకటి, రెండు తేదీల గళ్లలో పంతుళ్లందరి పేర్లకూ అడ్డంగా ఎర్ర సిరాతో ఒకదాంట్లో 'ఆదివారం', ఒకదాంట్లో 'స్థానిక సెలవు' అని గీసి ఉంది. అట్టడుగు వరుసలో మాత్రం రెండు గళ్లలోనూ అచ్చువేసినట్టున్న అక్షరాలతో సంతకం ఉంది: కృపావరం, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదున్నర వరకు.